గుండ్రంగా కుట్టిన పేర్లు

మే 2

నేను సంతకం పెట్టలేదు. ముందు ఈ మాట రాసిపెట్టుకుని మిగతావి తర్వాత రాస్తాను.

అక్క వాళ్ళు ఈరోజు అర్జీ ఇచ్చేశారు. మధ్యాహ్నం అక్క నేరుగా నా టైలరింగ్ షాపుకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి రసీదు కాగితాన్ని విసనకర్రలా ఊపింది. "తీసుకున్నారే! ఈసారి కిక్కురుమనలేదు" అంది. వీధంతా వినేలా అరవకు తల్లీ అని చెయ్యి పట్టి లోపలికి లాగాను. బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ దానికి గొంతు తగ్గించడం చేతకాదు.

ఇంతకుముందు రెండుసార్లు కాగితం మీద రాసి ఇచ్చారు. సిరా అలుక్కుపోయింది, పేర్లు కనపడటం లేదు, చెల్లదు అని అర్జీల ఆఫీసువాళ్ళు వెనక్కి పంపారు. అలికింది ఎవరో అందరికీ తెలుసు. అప్పుడు అక్కకు ఈ బుద్ధి పుట్టింది. గుడ్డ మీద పేర్లు రాసి దారంతో కుట్టేస్తే ఎలా అలుకుతారు? మరి కుట్టేదెవరు? ఇంకెవరు, దర్జీ చెల్లెలు ఉందిగా.

ఎవరి పేరు మొదట ఉంటే వాళ్ళ మెడకు చుట్టుకుంటుందని అందరికీ భయం. అందుకే గుండ్రంగా కుట్టాను. గౌనుకు అంబ్రెల్లా కట్ తీసినట్టే, గుడ్డ మధ్యలో గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, చివర సుద్దముక్క పెట్టి తిప్పాను. మధ్యలో రెండే మాటలు: ఎన్నికలు పెట్టండి. తాత్కాలిక ఉత్తర్వు ఎత్తేయండి. చుట్టూ పేర్లు. కొలతలివ్వడానికి వచ్చినట్టు ఒక్కొక్కరే వచ్చి, ట్రయల్ రూమ్ కర్టెన్ వెనక పెన్సిలుతో పేరు రాసి వెళ్ళారు. దాని మీద నేను నీలం దారంతో కుట్టాను. అంతే. కుట్టడం నా పని. పెళ్ళిబట్టలు కుట్టినంత మాత్రాన పెళ్ళికూతుర్ని అయిపోతానా?

ఆ ఉత్తర్వు వచ్చి పదకొండేళ్ళయింది. ఓట్లు లేవు, చీకటి పడితే బయటికి రాకూడదు, ఎవరినైనా ఎప్పుడైనా పట్టుకుపోవచ్చు. "కచ్చా కుట్టు ఎంతసేపుంచుతావే నువ్వు?" అని అడిగింది అక్క ఒకరోజు. ఒంటి మీద వేసి చూసేదాకా ఉంచుతాను, అసలు కుట్టు పడగానే లాగేస్తాను అన్నాను. "మరి వీళ్ళు పదకొండేళ్ళు ఉంచారు" అంది. నేను పోలీసుల యూనిఫాంలు కుట్టి బతుకుతున్నదాన్ని. స్టేషన్‌లో ప్రతి నడుం కొలతా నాకు తెలుసు. నన్ను పేరు రాయమని అక్క అడగలేదు, నేనూ రాస్తాననలేదు.

కుట్టడం అయిపోయాక అక్క పేరు పక్కన ఇంకొక పేరు పట్టేంత చోటు మిగిలింది.

"ఇదెవరికే?" అంది.

"కొలత తప్పింది."

"నీకా!" అని నవ్వింది.

మే 3

ఎవరూ రాలేదు. మిషన్‌కు నూనె వేశాను. నాకు భయమేమీ లేదు.

మే 5

పక్క మందుల షాపాయనను నిన్న పిలిపించారు. ఈరోజు పొద్దున గుండీలు కావాలని వచ్చాడు. ఆయన చొక్కాకు గుండీలన్నీ ఉన్నాయి. నా మొహంలోకి చూడకుండా గుండీల డబ్బాలో వేళ్ళు పెట్టి కలుపుతూ కూర్చున్నాడు.

"రాసిచ్చేశానమ్మా. అదేంటో తెలియక పేరు పెట్టానని."

"తెలియకపోవడమేంటండీ?"

"కర్టెన్ కుడుతున్నారనుకున్నానని రాశాను." గుండీ ఒకటి తీసి పక్కన పెట్టి, "వాళ్ళే చెప్పారు, అలా రాయమని. లైసెన్సు తీసేస్తామన్నారు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎవరు కుట్టారని అడిగారా అని అడగాలనిపించింది. ఆయనే చెప్పాడు, అడిగారట, తెలియదన్నాడట. తెలియదని ఎంత గట్టిగా చెప్పాడో, రెండోసారి అడిగితే ఏం చెబుతాడో!

మా ఆయన కరెంటు మీటర్లు చదువుతారు. వీధి వీధీ తిరిగే మనిషి, ఎక్కడ ఏం జరుగుతున్నా ఆయన చెవిలో పడుతుంది. ఇప్పటికి సగం మందిని పిలిచారట, పిలిచినవాళ్ళందరూ రాసిచ్చారట. "ఆ గుడ్డ ముక్కలు, ఆ దారం, ఏమున్నా తగలబెట్టు" అన్నారు. "గోడలకు చెవులుంటాయే" అన్నారు. అన్నది మామూలు మాటే, కానీ అంటూ నిజంగానే గోడవైపు చూశారు.

నేను సంతకం పెట్టలేదు కదండీ అన్నాను. ఆయన లేచి కిటికీ తలుపు వేశారు.

మే 6

ముక్కలన్నీ మేడ మీద రేకు డబ్బాలో కాల్చాను. ఆ వాసన జుట్టుకు పట్టేసింది. రెండుసార్లు తలంటుకున్నా పోలేదు.

దారం ఉండ మాత్రం కాల్చలేదు. సగం పైగా మిగిలి ఉంది. మంచి దారం, అలా తగలేయడానికి చెయ్యి రాలేదు. నీలం దారం లేని షాపుంటుందా?

మే 8

ఎందుకిలా చేశాను. ఎందుకిలా చేశాను.

ఈరోజు ఒక కాన్‌స్టేబుల్ చొక్కా కాలరు కుడుతున్నాను. మూల దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే బట్టను రెండు మడతలు వేసి, లోపలికి తోసి, మూడు పోట్లు వెనక్కి వేసి ముడి దాచేసింది. అమ్మ నేర్పిన మూల. అలా కుడితే ఎన్ని ఉతుకులు ఉతికినా విచ్చుకోదు. ఈ ఊళ్ళో ఇంకే దర్జీ అలా కుట్టడు, అంత ఓపిక ఎవరికుంది?

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గుడ్డకు నాలుగు మూలలూ నేను అలాగే తిప్పాను.

పేరు ఎక్కడా రాయకుండా అంత జాగ్రత్తపడి, నాలుగు మూలలా నా గుర్తు వేసి పంపించాను. అలాంటి మూలలు స్టేషన్‌లో ప్రతివాడి మెడ చుట్టూ ఉన్నాయి. అద్దంలో చూసుకుంటే చాలు.

గుడ్డ కూడా యూనిఫాం గుడ్డే. దళసరిది, చిరగదని నేనే ఏరి తీశాను. నా అంత తెలివైనది ఇంకొకత్తి ఉండదు.

మా ఆయనకు చెప్పలేదు.

మే 9

కాలర్లెవరు చూస్తారు. ఎవరూ చూడరు.

మే 10

భుజాలాయన వచ్చాడు. స్టేషన్‌లో పెద్ద ఆఫీసరు. ఆయన ఎడమ భుజం కుడి భుజం కంటే దిగి ఉంటుంది. లోపల ప్యాడు పెట్టి నేను సమం చేస్తాను. ఆ సంగతి నాకూ, బహుశా ఆయన భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఆయనకు ఆ పేరు అందుకే పడింది.

కొత్త కోటు వేసి చూడటానికి వచ్చాడు. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని వెనక నిలబడ్డాను. అద్దంలో నన్నే చూస్తున్నాడు.

"ఏమ్మా, చేతులు వణుకుతున్నాయి?"

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదు సార్."

"తిను. ఆరోగ్యం చూసుకోవాలి." కాలరు మూలను బొటనవేలితో నొక్కి చూశాడు. "ఎంత గట్టిగా ఉందమ్మా ఇది. ఎవరు నేర్పారు?"

"మా అమ్మండి."

"మీ అక్కకూ నేర్పారా?"

"దానికి గుండీ కుట్టడం కూడా రాదు సార్" అన్నాను. అది నిజం. కానీ అడిగిన దానికంటే ఎక్కువ గట్టిగా, ఎక్కువ తొందరగా చెప్పాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆయన నవ్వి, కోటు విప్పి, కుర్చీ మీద వేసి వెళ్ళిపోయాడు.

తెలిసిపోయింది. తెలియలేదేమో. తెలిస్తే ఊరికే వెళ్తాడా?

మే 11

అక్కను తీసుకుపోయారు.

బడిలో, తరగతి గదిలో, పిల్లలందరూ చూస్తుండగా. అది బోర్డు మీద రాస్తున్నది పూర్తిచేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిందట. అలా చేస్తుందని ఎవరూ చెప్పకపోయినా నాకు తెలిసేది.

దుప్పటి పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళాను. గేటు దగ్గరి కాన్‌స్టేబుల్ ప్యాంటు పక్క కుట్టు విచ్చుకుంది. నేను కుట్టిన ప్యాంటే. వేరే రోజైతే, విప్పి ఇవ్వు నాయనా, పది నిమిషాల్లో వేసిస్తానని అనేదాన్ని. దుప్పటి తీసుకున్నాడు. "లోపలికి పంపడం లేదమ్మా. ఎవరినీ పంపడం లేదు. మీరు ఎక్కువసేపు ఇక్కడ ఉండకండి" అన్నాడు. ఆ చివరి మాట జాలితో అన్నాడో బెదిరిస్తూ అన్నాడో ఇంటికొచ్చేదాకా ఆలోచించాను.

అందరూ రాసిచ్చారట, మా ఆయన చెప్పారు. దాదాపు అందరూ. అక్క రాయనందట.

అది రాయదు. చిన్నప్పుడు చెయ్యని తప్పుకు సారీ చెప్పమంటే ఒక పూటంతా అన్నం మానేసి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను చెప్పేసి అన్నం తిన్నాను.

మే 12

ఏమీ తెలియలేదు. ఏమీ కుట్టలేదు.

మే 13

రాయబుద్ధి కావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాయాలి.

సాయంత్రం భుజాలాయన ఒక్కడే వచ్చాడు, చేతిలో సంచి. కోటు తీసుకోవడానికి వచ్చాడనుకుని కోటు తీశాను. ఆయన సంచిలోంచి ఆ గుడ్డ తీసి నా కటింగ్ బల్ల మీద పరిచాడు. తన కాలరు గుండీ విప్పి, గుడ్డ మూలను ఎత్తి కాలరు మూల పక్కన పెట్టాడు.

"అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

నేను సంతకం పెట్టలేదు సార్ అన్నాను.

"చూశాను. పెట్టలేదు. అందుకే ఇక్కడికి వచ్చాను, నిన్నక్కడికి పిలవలేదు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మా, ఇది పోయిందంటే గొడవ. రసీదుకు విలేకరులు ఫొటో తీసుకున్నారు. అర్జీలు విచారించే సభ ముందు పెట్టక తప్పదు. కానీ ఎవరైనా తన పేరు తనే వద్దనుకుంటే తీసేయొచ్చు, రూలుంది. కత్తిరిస్తే కనపడుతుంది. కుట్టిన చెయ్యే విప్పితే శుభ్రంగా ఉంటుంది."

రాసిచ్చినవాళ్ళ పేర్ల మీద ఎర్ర సుద్దతో టిక్కులు పెట్టి ఉన్నాయి. వాటితోపాటు అక్క పేరు మీద కూడా.

"మా అక్క రాసిచ్చిందా సార్?"

"లేదు. ఆవిడ రాయక్కర్లేదు. గుడ్డ మీద పేరు లేకపోతే ఆవిడ మీద కేసూ లేదు. ముందు అది విప్పు, నా కళ్ళ ముందు. రేపు మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటుంది." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "ఆవిడ ఆరోగ్యం అంత బాగాలేదమ్మా. నేను మంచి కోరి చెబుతున్నాను."

దానికి ఏమైందని అడిగాను. గుడ్డను నా వైపు జరిపాడు.

చిన్న కత్తెర తీశాను. నా కుట్టు నాకే అడ్డుపడింది. ప్రతి అక్షరం చివరా మూడు పోట్లు వేసి బిగించాను కదా, ఒక్కో ముడిని సూది మొనతో లేపి తెంపాల్సి వచ్చింది. ఆయన తొందరపెట్టలేదు. అక్క పేరు అక్షరం అక్షరం ఊడి వచ్చింది. నీలం దారం ముక్కలు ఒళ్ళో పడ్డాయి. ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు మసకబారి గుడ్డ చిరుగుతుందని భయం.

లేస్తూ, పక్కనున్న ఖాళీ చోటు మీద వేలు పెట్టాడు. "ఇక్కడెవరు?"

"ఎవరూ లేరు సార్. కొలత తప్పింది."

"తప్పడమూ ఒక్కోసారి మంచికే. మిగతావి రేపు సాయంత్రానికి" అని వెళ్ళిపోయాడు.

దళసరి గుడ్డలో సూది దిగిన చోటు మూసుకోదు. విప్పినా చిల్లులు ఉంటాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఈరోజు మొత్తం మీద నేను చేసిన ధైర్యం పని ఏదైనా ఉంటే ఆ చెప్పకపోవడమే.

మే 14

పొద్దున టిక్కులున్న పేర్లు విప్పాను. వాళ్ళు వద్దనుకున్నారు, వాళ్ళిష్టం. మందుల షాపాయన పేరు విప్పుతుండగా ఆయనే వచ్చాడు. గుడ్డను కిటికీకి అడ్డంగా ఎత్తి చూపించాను. ఎండ చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఆయన పేరు ఆయనే చదువుకున్నాడు.

"ఇంకా ఉందే" అన్నాడు కంగారుగా.

"తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే కొంత పూడుతుంది. చెయ్యమంటారా?"

ఒక చిల్లు మీద వేలు పెట్టి తీసేశాడు. "ఉండనీ. ఎవరు ఎత్తి చూస్తారులే" అని, తల దించుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అక్క వచ్చింది.

నడిచే వచ్చింది. కళ్ళజోడు లేదు. ఏదని అడిగితే, "తొక్కారు" అంది. చేతికి నీళ్ళ గ్లాసిస్తే రెండు చేతులతో పట్టుకుని తాగింది. మణికట్ల మీద నల్లగా కమిలి ఉంది. దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది నా వీపు నిమిరింది, పట్టుకుపోయింది నన్నైనట్టు.

"ఎందుకు వదిలారే?" అంది. "నేనేం రాయలేదు. పొద్దున వచ్చి, నీమీద ఏమీ లేదు పో అన్నారు. ఎందుకు?"

కటింగ్ బల్ల మీద గుడ్డ అలాగే పరిచి ఉంది. కళ్ళజోడు లేకపోయినా ఆ నీలం వలయం తెలుస్తుంది, అందులో అక్కడక్కడా తప్ప దారం లేదనీ తెలుస్తుంది. వంగి, కళ్ళు చిట్లించి, తన పేరున్న చోటికి వచ్చి ఆగింది.

"ఇది నువ్వు విప్పావా?"

"నిన్ను చంపేసేవాళ్ళే."

"నన్ను అడిగావా?"

"ఎక్కడికొచ్చి అడగమంటావు? గేటు దాటనిచ్చారా? మంచీ చెడూ నీ ఒక్కదానికే తెలుసా? నువ్వు పోతే నాకెవరున్నారే?" నేను అరిచాను. వీధి వినేలా అరిచాను, నేను. నాకు ఉన్న భయమంతా ఆ అరుపులో బయటికొచ్చింది.

అది అరవలేదు. "సూదిలో దారం ఎక్కించివ్వు. నాకు కనపడదు" అంది.

"సాయంత్రం వస్తాడక్కా ఆయన."

"అందుకే. ఎక్కించివ్వు."

బాబిన్ల డబ్బా అడుగున ఆ నీలం ఉండ ఉంది. తీసి, దారం ఎక్కించి ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. చిన్నప్పటి నుంచి అది చెయ్యి చాపితే ఏదో ఒకటి ఇవ్వడం అలవాటు.

గుండీ కూడా కుట్టడం రానిది కూర్చుని తన పేరు కుట్టింది. ఎడమచేతి వేలితో చిల్లు తడిమి చూసుకుని, కుడిచేత్తో సూది దించేది. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది, చప్పరించి మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి అక్షరం కుట్టేసరికి దారం ఒకచోట వదులై, ఒకచోట బిగిసి, గుడ్డ ముడతలు పడింది. చూడలేకపోయాను. నిజంగా చూడలేకపోయాను. ఆ గుడ్డ సభ ముందు పెడతారు, నా గుడ్డ, దాని మీద ఆ వంకర కుట్టు!

"ఇలా ఇవ్వు. గుడ్డ పాడు చేస్తున్నావు" అని లాక్కున్నాను.

అది వేసింది విప్పి, పాత చిల్లుల్లోంచే మొదటి నుంచి కుట్టాను. సూది దాని దారి అదే పట్టుకుని పోయింది. ప్రతి అక్షరం చివరా మూడు పోట్లు. కుడుతున్నంతసేపూ చేతులు వణకలేదు. అది నాకే ఆశ్చర్యం. అక్క నా పక్కన కళ్ళు మూసుకుని కూర్చుంది.

పేరు అయిపోయింది. సూదిలో ఇంకా దారం ఉంది. ఎక్కించిన దారం కుట్టి తీరాలే, దారం మిగిలిన సూదిని పక్కన పెట్టకూడదు అనేది అమ్మ. ఆ పక్కన చోటూ ఉంది. కొలత నాకు ఎప్పుడూ తప్పదు, ఆరోజూ తప్పలేదు.

పెన్సిలుతో రాసుకోలేదు. నేరుగా కుట్టాను.

మా ఆయన మీటర్ల పని ముగించుకుని వచ్చేసరికి ముడి వేస్తున్నాను. గుడ్డను చూశారు, నన్ను చూశారు. బల్ల పట్టుకుని నిలబడ్డారు. అక్కకేసి తిరిగి ఏదో అనబోయి, దాని మణికట్లు చూసి ఆగిపోయారు. తర్వాత నాతో అన్నారు, "ఇంత చక్కగా కుట్టాలా? కాస్త వంకరగా కుడితే, వదినే కుట్టిందనుకునేవాళ్ళు కదే."

"నా చేతికి రాదండీ అది."

ఆయన నవ్వబోయారు, నవ్వు రాలేదు. వెళ్ళి షట్టరు సగం దించారు, మళ్ళీ పైకెత్తేశారు. ఇప్పుడు గుమ్మంలో స్టూలు వేసుకుని వీధివైపు చూస్తూ కూర్చున్నారు. అక్క ట్రయల్ రూమ్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంది. భుజాలాయన కోటు హ్యాంగరుకు ఉంది, రెండు భుజాలూ సమంగా.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. ఒళ్ళంతా చల్లబడి, వేళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

వీధి చివర జీపు తిరిగింది. మా ఆయన లేచి నిలబడ్డారు.

నేను సంతకం పెట్టలేదు అని రాద్దామని అలవాటుకొద్దీ కలం పెట్టాను. ఇక ఆ మాట రాయడానికి లేదు.